ఆ కణం వెన్నెముకనే ఎందుకు వెతుక్కుంటుంది?

మొయినాబాద్, చేవెళ్ల వైపు కూరగాయల మళ్లలో, పూలతోటల్లో బతుకంతా వంగి పనిచేసిన పెద్దమనిషికి నడుం నొప్పి వస్తే ఎవరూ అనుమానించరు. వయసని సరిపెట్టుకుంటారు. కొందరిలో మాత్రం అది ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకకు పాకిందన్న మొదటి కబురు.

1853లో లండన్ సర్జన్ జాన్ ఆడమ్స్ ఈ జబ్బును సూక్ష్మదర్శిని కింద గుర్తించి, చాలా అరుదైనదని రాశాడు. క్యాన్సర్ పాకే తీరు గురించి ఒక ముఖ్యమైన ఆలోచన 1889లో వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవారి శవపరీక్షల వివరాలు చూసిన స్టీఫెన్ పాజెట్, విత్తనం ఎక్కడ పడితే అక్కడ మొలవదు, నేల అనుకూలించాలి అన్నాడు. చేవెళ్ల రైతుకు విడమర్చి చెప్పనక్కర్లేని మాట. 1940లో ఆస్కార్ బాట్సన్ దారి చూపాడు: కటి భాగపు సిరలు వెన్నుపూసల చుట్టూ ఉన్న సిరలతో కలిసి ఉన్నాయి, వాటిలో కవాటాలు లేవు, గట్టిగా దగ్గినా రక్తం అటు మళ్లగలదు.

మరుసటి ఏడే షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ వృషణాల హార్మోన్‌ను ఆపి, ఎముకలకు పాకిన జబ్బును సైతం లొంగదీశాడు. 1966లో నోబెల్ అందుకున్నాడు. కానీ లొంగిన జబ్బు మళ్లీ లేచేది. ఎందుకన్నది 1995లో కొంత తెలిసింది: తిరగబెట్టిన కణితులు కొన్నిటిలో ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకపు జన్యువు ప్రతులు పెరిగిపోయాయి.

జన్యువుల మాటకొస్తే, వాటిలో ఒక్క అక్షరం మారినా కణం దారి తప్పుతుందని 1982లో మూత్రాశయ క్యాన్సర్‌లో చూపినవారిలో ఉస్మానియాలో చదివిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఒకరు. 2002లో మిషిగన్‌లో సూర్యనారాయణ వరంబళ్లి, అరుళ్ చిన్నయ్యన్ బృందం, పాకిన ప్రొస్టేట్ కణితుల్లో ఇతర జన్యువుల నోరు నొక్కే ఇజెడ్‌హెచ్2 అనే ప్రోటీన్ మితిమీరి ఉందని తేల్చింది.

నాకు అన్నిటికన్నా భయం కలిగించింది 2011 నాటి ఎలుకల ప్రయోగం. ఎముక మజ్జలో రక్తాన్ని పుట్టించే మూలకణాలుండే చోటునే క్యాన్సర్ కణాలు పోటీపడి ఆక్రమిస్తాయి. ఆపై ఎముకను కట్టే కణాలను రెచ్చగొడతాయి. ఎక్స్‌రేలో ఎముక దట్టంగా కనిపిస్తుంది గానీ లోపల బలం ఉండదు.

పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 692 మందిని పరీక్షించిన 2016 అధ్యయనంలో 11.8 శాతం మందికి డీఎన్‌ఏను బాగుచేసే జన్యువుల్లో లోపం పుట్టుకతోనే ఉంది. ఎక్కువగా కనిపించింది రొమ్ము క్యాన్సర్‌కూ దారితీసే బీఆర్‌సీఏ2 జన్యువు లోపం. అంటే అక్కచెల్లెళ్ల రొమ్ము క్యాన్సర్, అన్నదమ్ముల ప్రొస్టేట్ క్యాన్సర్ ఒకే ఇంటి కథ కావచ్చు.

మీ నాన్నకో పెదనాన్నకో నడుం నొప్పి పడుకున్నా తగ్గకపోతే, మూత్రం ఇబ్బంది పెడుతుంటే నొప్పిమాత్రలతో నెట్టుకురాకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి పీఎస్ఏ అనే రక్తపరీక్ష గురించి అడగండి. 1955 నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.