మట్టి కవచము, రాగి వలయము

మాటకు సాక్ష్యము వ్రాత. వ్రాతకు సాక్ష్యమేది? ఈ ప్రశ్న లిపితోపాటే పుట్టినది. సుమేరియనులు అప్పుపత్రమునైనను క్రయపత్రమునైనను తడిమట్టి పలకపై రెల్లుపుల్లతో అదిమి వ్రాసి, ఆరిన పలకకు పలుచని మట్టి కవచమును తొడిగెడివారు. క్రీ. పూ. 2100 - 2000 నడుమ ఉర్ నగరరాజుల కాలమునాటివి ఇట్టివి పెక్కులు దొరకినవి. కవచముపై ఆ విషయమునే మరల వ్రాసి ముద్రలు దొర్లించెడివారు. తగవు వచ్చినచో న్యాయాధిపతి కవచమును పగులగొట్టి లోపలి పాఠమును చూచును. పైవ్రాతను దిద్దినవాని మోసము అప్పుడు బయటపడును.

మన దేశమున ఈ భారమును రాగి మోసినది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను పరిశీలింపుడు. రేకుల అంచులు పైకెత్తి యుండును; అందుచే రేకులు ఒరసికొని అక్షరములు అరిగిపోకుండును. మొదటి రేకు వెలుపలి ముఖమును సాధారణముగా వ్రాయక విడిచెదరు. రేకులన్నిటికిని రంధ్రము చేసి, రాగి వలయమును దూర్చి, దాని కొనలను రాజముద్ర అడుగున అతికెడివారు. ముద్రపై వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, పద్మము, 'శ్రీ త్రిభువనాంకుశ' యను బిరుదము కానవచ్చును. వలయమును కోయక రేకు తీయుటయు, చేర్చుటయు అసాధ్యము. కనుకనే శాసన పరిష్కర్తలు రేకులు తమ చేతికి వచ్చునప్పటికి వలయము తెగియున్నదా లేదా యని తప్పక పేర్కొందురు.

ఇందొక భేదము కలదు. సుమేరియనులు పాఠమును రెండుమార్లు వ్రాసి ఒకదానిని దాచిరి. మనవారు ఒకేమారు వ్రాసి, అందరును రేకులు త్రిప్పి చదువుకొనునట్లు విడిచి, కూర్పును మాత్రము బంధించిరి.

రాజరాజనరేంద్రుడు 1053లో నారాయణభట్టునకు నందంపూడిని అగ్రహారముగా నిచ్చినపుడు శాసనమును రచించినవాడు నన్నయభట్టు. అంతటి కవి వాక్కయినను రాగిరేకున కెక్కవలసివచ్చినది. ఏలయన, భూమి నిలుచును; దాతయు, గ్రహీతయు, సాక్షులును నిలువరు. ముద్ర యొక్కటియే చాలదని ఎరిగియే కాబోలు, భూమిని హరించినవానికి పాపము చెప్పు శ్లోకములను శాసనముల చివర చేర్చిరి. అయినను కూటశాసనములు పుట్టకపోలేదు. లిపి, తిథివారములు, వంశక్రమము పరీక్షించి పండితులు వానిని పట్టుకొనిరి.

నేడు అమీర్‌పేట, పంజగుట్ట వీధులలో ఎంతటి దస్తావేజునకైనను నకలు క్షణములో లభించును. నకలు సులభమైనకొలది అసలునకు కాపుదల అవసరమగును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము వీలునామాను ముద్రవేసిన కవరులో రిజిస్ట్రారు కడ దాచుకొనుటకు వీలు కల్పించినది. వ్రాసినవారు గతించిన పిమ్మట, దరఖాస్తు చేసినవారి యెదుట ఆ కవరును తెరచెదరు.

ప్రదర్శనశాలలో తామ్రశాసనమును చూచునపుడు మనము అక్షరములను మాత్రమే చూచి మరలుదుము. వలయమును గూడ చూడవలెను. ఆ అక్షరములను నమ్ముమని చెప్పునది అదియే.