గోడ అవతలి టైపిస్టు

ఒక మనిషి కంప్యూటర్ తెర ముందు కూర్చుని మైకులో ఉత్తరం చెబుతున్నాడు. చెప్పిన మాట కాసేపటికి తెర మీద అక్షరాలై కనిపిస్తోంది. యంత్రానికి తెలియని మాట వస్తే అక్కడ వరసగా ఎక్స్‌లు పడుతున్నాయి. అప్పుడు ఆ మాటను ఒక్కో అక్షరం విడదీసి పలకాలి. 1980ల తొలినాళ్లలో న్యూయార్క్ రాష్ట్రం యార్క్‌టౌన్ హైట్స్‌లోని ఐబీఎం పరిశోధన కేంద్రం చేసిన ప్రయోగమిది. అయితే మాటలు వింటున్నది యంత్రం కాదు. గోడ అవతల చేయి తిరిగిన టైపిస్టు కూర్చుని, విన్నది విన్నట్టు టైపు చేస్తున్నారు. ఆ మాట తన పదపట్టికలో ఉందో లేదో చూసి తెర మీదికి పంపడం వరకే కంప్యూటర్ వంతు.

ఇందులో మోసమేమీ లేదు. ఏ మాట చెప్పినా విని రాసే యంత్రం అప్పటికి ఎవరి దగ్గరా లేదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి నాయకత్వంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన హార్పీ అనే ప్రోగ్రామ్ 1976లో గుర్తుపట్టగలిగిన మాటలు వెయ్యి పైచిలుకు మాత్రమే. అదే గొప్ప విజయం. ఇంకా ఏళ్ల తరబడి డబ్బు పోసి మెరుగైనది కడితే జనం వాడతారా? కట్టకముందే తేల్చుకోవాలనుకున్నారు ఐబీఎంలోని జాన్ గౌల్డ్, ఆయన సహచరులు. అందుకే వెయ్యి మాటలు మాత్రమే తెలిసినట్టు, అయిదు వేలు తెలిసినట్టు, అన్నీ తెలిసినట్టు నటించే యంత్రాలను వేర్వేరుగా ‘తయారు’ చేశారు. కొందరిని మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి చెప్పమన్నారు, కొందరిని ధారాళంగా మాట్లాడమన్నారు. 1983లో వెలువడిన ఫలితాల్లో ఆశ్చర్యకరమైన సంగతి ఒకటుంది: పదపట్టిక పెద్దదైతే, ఆగి ఆగి మాట్లాడాల్సి వచ్చినా సరే, చేత్తో రాసుకోవడానికీ డిక్టేషన్ ఇవ్వడానికీ ఆ అరకొర యంత్రం తీసిపోదు. ఆ సంగతి తెలుసుకోవడానికి మాటలు గుర్తుపట్టే ప్రోగ్రామ్ ఒక్క లైను కూడా రాయనక్కర్లేకపోయింది.

తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషి ఉన్నట్టే, ఈ తరహా నమూనాల్లోనూ ఉంటాడు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి పరిశోధనే చేసిన జెఫ్ కెల్లీ దీనికి ‘విజర్డ్ ఆఫ్ ఓజ్’ అని పేరు పెట్టారు. ఆ పేరున్న పిల్లల కథలో భయంకర మాంత్రికుడనుకున్నవాడు చివరికి తెరచాటున మీటలు తిప్పే మామూలు ముసలాయనగా తేలతాడు కదా.

మచ్చు చూసి సరుకు కొనే జాతి మనది. ఒక్క సాఫ్ట్‌వేర్ రంగానికే ఆ అలవాటు ఆలస్యంగా అబ్బింది. దీనికి తప్పంతా 1970లో అచ్చయిన ఒక బొమ్మ మీద వేయడం వాడుక. టీఆర్‌డబ్ల్యూ సంస్థలో అంతరిక్ష ప్రాజెక్టుల సాఫ్ట్‌వేర్ చూసిన విన్‌స్టన్ రాయ్స్ ఆ ఏడాది ఒక చిన్న పత్రం చదివారు. అవసరాలు, విశ్లేషణ, డిజైన్, కోడింగ్, పరీక్ష ఒకదాని కింద ఒకటి మెట్లుగా దిగే బొమ్మ అందులో ఉంది. ఆ బొమ్మే తర్వాత ‘వాటర్‌ఫాల్’ పేరుతో ప్రపంచమంతా పాకింది. నిజానికి పత్రంలో ఆ పేరే లేదు. పైగా ఈ బొమ్మను నమ్ముకుని పని చేస్తే ముప్పు తప్పదని రాయ్స్ ఆ కిందే హెచ్చరించారు. పనిని రెండుసార్లు చేయండి, కొనేవాడికి ఇచ్చేది రెండోది కావాలి అన్నది ఆయన సలహాల్లో ఒకటి. 30 నెలల పని అయితే అందులో 10 నెలలు మచ్చు నమూనాకే కేటాయించమని లెక్క కూడా వేసి చూపారు. బొమ్మ చూసినవాళ్లు ఎక్కువ, పేజీ తిప్పినవాళ్లు తక్కువ. 1985లో అమెరికా రక్షణ శాఖ తన సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులకు తెచ్చిన 2167 నంబరు ప్రమాణం కూడా ఆ మెట్ల వరస చుట్టూనే అల్లుకుంది.

రాయ్స్ మాటనే గట్టిగా, నలుగురి నోళ్లలో నానేలా చెప్పింది ఫ్రెడ్ బ్రూక్స్. ఐబీఎం 360 ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించి, ఆలస్యాలతో తల బొప్పికట్టించుకున్న మనిషి ఆయన. 1975లో వచ్చిన ‘ది మిథికల్ మ్యాన్ మంత్’లో ఈ సంగతికి ఒక అధ్యాయమే ఇచ్చారు. రసాయన ఇంజనీర్లను చూడండన్నారు. ఉప్పునీటిని మంచినీరు చేసే పద్ధతి ప్రయోగశాలలో పనిచేసినంత మాత్రాన రోజుకు 20 లక్షల గ్యాలన్ల ప్లాంటు కట్టేయరు. ముందు పది వేల గ్యాలన్ల చిన్న ప్లాంటు కట్టి చూస్తారు. ప్రోగ్రామర్లు మాత్రం మొదట కట్టినదాన్నే కొనేవాడి చేతిలో పెడతారు. మొదటిది ఎలాగూ పారేయక తప్పదు, కాబట్టి పారేయడానికే చేస్తున్నామని ముందే అనుకోండి అన్నది ఆయన బోధ.

పారేయడానికి చేసేదానికి జీతాలెందుకివ్వాలి? మేనేజర్ల ఈ ప్రశ్నలోనూ న్యాయముంది. దానికి అంకెలతో జవాబు వెతికినవారు బ్యారీ బోహెమ్. ఆయన, మరో ఇద్దరు కలిసి ఒకే ప్రోగ్రామ్‌ను ఏడు విద్యార్థి బృందాలకు అప్పగించారు. నాలుగు బృందాలు ముందు వివరాలన్నీ కాగితం మీద పెట్టాకే కోడ్ రాయాలి, మూడు బృందాలు నమూనాతో మొదలుపెట్టాలి. 1984లో ప్రచురించిన లెక్క ప్రకారం నమూనా బృందాల కోడ్ 40 శాతం తక్కువ, పడ్డ శ్రమ 45 శాతం తక్కువ. వాళ్ల ప్రోగ్రామ్‌లు నేర్చుకోవడానికీ వాడటానికీ సులువుగా కూడా ఉన్నాయి. అయితే పొందికలోనూ, వేరే భాగాలతో అతికించడానికి వీలుగా ఉండటంలోనూ కాగితం బృందాలదే పైచేయి. నమూనా భక్తులు మొదటి సగం చెప్పి రెండో సగం దాటవేస్తుంటారు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ముచ్చటైన ఘట్టం స్కాండినేవియాలో జరిగింది. 1981లో అక్కడి పత్రికల ముద్రణ కార్మికుల సంఘాలు, స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులు కలిసి ‘యుటోపియా’ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. సీసపు అచ్చులు పోయి కంప్యూటర్లు వస్తున్న కాలం. కొత్త యంత్రాలు తమ నైపుణ్యాన్ని మింగేస్తాయన్నది పేజీలు కూర్చే పనివాళ్ల భయం. ఆ నైపుణ్యానికి పనిముట్లయ్యే యంత్రాలెలా ఉండాలో వాళ్లనే అడిగి డిజైన్ చేద్దామనుకున్నారు పరిశోధకులు. మొదట తమకు అలవాటైన పటాలు, బాణం గుర్తులు పట్టుకెళ్లారు. పనివాళ్లు వాటిని చూశారు, తలలూపారు, అంతే. అందులో తమ పని ఎక్కడుందో వాళ్లకు ఆనలేదు.

అప్పుడు అట్టపెట్టెలు వచ్చాయి. కాగితాలే తెరలు, చెక్కముక్కలే మౌస్‌లు. ఖాళీ అట్టపెట్టె మీద ‘లేజర్ ప్రింటర్’ అని రాసిపెడితే అదే ప్రింటర్. నిజం లేజర్ ప్రింటర్లు అప్పటికింకా మామూలు ఆఫీసుల మొహమే చూడలేదు. చిన్నపిల్లల బొమ్మరిల్లు ఆటలా కనిపించే ఆ అమరిక ముందు నిలబడి, ముదురు పనివాళ్లు పేజీ ఎలా కూరుస్తామో చేసి చూపడం మొదలుపెట్టారు. పటం ముందు పెగలని నోళ్లు అట్టముక్కల ముందు తెరుచుకున్నాయి. ఇక్కడ చెయ్యి ఆడదు, ఇది ఇటు జరగాలి, తెర ఇంత చిన్నదైతే కుదరదు అన్నారు. పెల్లె ఏన్, మార్టెన్ క్యూంగ్ తర్వాత ఈ అట్ట కంప్యూటర్ల గురించి వివరంగా రాశారు. అట్టకు వాళ్లు చెప్పిన సుగుణాల్లో ఒకటి ఏమిటంటే, దాన్ని మార్చడం ఎవరికైనా చేతనవుతుంది.

అట్ట తర్వాత చెక్క. చేతిలో ఇమిడే కంప్యూటర్ల మీద కంపెనీలన్నీ చేతులు కాల్చుకుంటున్న 1990ల మధ్యలో, పామ్ కంప్యూటింగ్ వ్యవస్థాపకుడు జెఫ్ హాకిన్స్ చొక్కా జేబులో పట్టేంత చెక్క దిమ్మె ఒకటి కోసుకున్నారు. దాని మీద తెర బొమ్మ అచ్చేసిన కాగితం అంటించారు. కలం బదులు చాప్‌స్టిక్ ముక్క. ఎవరైనా వచ్చేవారం ఖాళీగా ఉన్నారా అని అడిగితే జేబులోంచి దిమ్మె తీసి, పుల్లతో పొడిచి, చూసి చెబుతున్నట్టు నటించేవారు. నవ్వేవాళ్లు నవ్వుకున్నారు. ఆ నటనలోనే ఏ పని రోజుకు ఎన్నిసార్లు పడుతుందో, ఏ బటన్ వృథానో తేలిపోయింది. 1996లో పామ్ వారి ‘పైలట్’ మార్కెట్లోకి వచ్చింది. ఆ చెక్కముక్క ఇప్పుడు కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

అట్టనూ చెక్కనూ చూసి ‘పని అయిపోయింది, ఇచ్చేయండి’ అని ఎవరూ అనరు. చిక్కంతా తెర మీది నమూనాతోనే. 1991లో విజువల్ బేసిక్ వచ్చాక బటన్లు, పెట్టెలు లాగి పడేస్తే గంటలో స్క్రీన్ తయారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో వేలమంది నేర్చుకున్న విద్య అది. డెమో చూసిన క్లయింటుకు వెనక ఏమీ లేదని తెలియదు, చెప్పినా నమ్మడు. ‘బాగానే ఉందిగా, దీన్నే లైవ్‌లో పెట్టేయండి’ అంటాడు. పీఓసీ (ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్) అని ముద్దుగా పిలుచుకునే నాలుగు రోజుల ప్రోగ్రామ్ నాలుగేళ్లు బతికిన కథలు హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, వినిపిస్తాయి.

‘ఎజైల్’ అనే సాఫ్ట్‌వేర్ తయారీ తీరు వచ్చింది ఈ చిక్కు మధ్యకే. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే మంచు ఆటల విడిదిలో 17 మంది ప్రోగ్రామింగ్ అనుభవజ్ఞులు కలిసి రాసిన ప్రకటనలో గానీ, దానికి జోడించిన 12 సూత్రాల్లో గానీ ‘ప్రోటోటైప్’ అన్న మాట ఒక్కసారి కూడా రాదు. మరచిపోయి కాదు. నమూనాల చుట్టూనే అల్లిన డీఎస్‌డీఎం పద్ధతి తరఫు మనిషి కూడా ఆ గదిలో ఉన్నారు. వాళ్ల పట్టు వేరే చోట ఉంది: కొన్ని వారాలకోసారి నడిచే సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టాలి, చూసినవాళ్లు చెప్పేదాన్ని బట్టి మార్చాలి. అలా చూస్తే ప్రతి విడతా రాబోయేదానికి మచ్చే, కాకపోతే పారేసేది కాదు, పెంచేది. బ్రూక్స్ కూడా ఈ దారికే వచ్చారు. తన పుస్తకం ఇరవయ్యేళ్ల కూర్పులో, 1995లో, ఒకటి కట్టి పారేయమన్న తన సలహా తప్పని ఒప్పుకున్నారు. అతిగా చెప్పినందుకు కాదు, వాటర్‌ఫాల్‌ను మనసులో పెట్టుకుని మరీ సులువుగా చెప్పినందుకట.

పారేసే నమూనా మాత్రం పూర్తిగా పోలేదు, పేరు మార్చుకుంది. క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల ప్రాజెక్టులో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఎజైల్ పద్ధతికి రూపమిచ్చిన కెంట్ బెక్, ఆయన సహచరుడు వార్డ్ కన్నింగ్‌హామ్‌ల వర్గం దాన్ని ‘స్పైక్’ అంది. తెలియని చోట దిగ్గొట్టి చూసే మేకు. అనుమానం ఒక్కటే, దాన్ని తీర్చేంత కోడే రాయాలి, జవాబు దొరికాక ఆ కోడ్ తీసేయాలి. ఇవాళ్టి ఎజైల్ బృందాల పనుల బోర్డుల మీద ఈ స్పైకులు కనిపిస్తూనే ఉంటాయి. వాటి కోడ్ నిజంగా చెత్తబుట్టలోకి వెళ్తుందా అన్నది ఆ టీ కొట్టు దగ్గరే అడగాలి.

2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పాతీ అనే కృత్రిమ మేధ నిపుణుడు తన కొత్త అలవాటుకు ‘వైబ్ కోడింగ్’ అని పేరు పెట్టారు. కీబోర్డు దాదాపు ముట్టరు. కావలసింది మైకులో చెబుతారు, మాటలు అక్షరాలవుతాయి, అక్షరాలు కోడ్ అవుతాయి. అప్పుడాయన ఒక మినహాయింపు కూడా పెట్టారు: వారాంతంలో చేసి పారేసే ప్రాజెక్టులకైతే ఇది ఫరవాలేదని. యార్క్‌టౌన్ హైట్స్ ప్రయోగం అచ్చయి అప్పటికి 42 ఏళ్లు. ఇప్పుడు గోడ అవతల టైపిస్టు లేరు.