సముద్రం లేని రేవు

శంషాబాద్‌కు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా 2008 మార్చి 23 నుంచి అక్కడ నడుస్తున్నది ‘పోర్టు’. కెప్టెన్, క్యాబిన్, క్రూలాగే ఈ మాటా ఓడ దిగి విమానమెక్కిందని సరిపెట్టుకోవచ్చు. అది నిజమే, కానీ సగం నిజం. అంతకుముందు వాడుకలో ఉన్న ‘ఏరోడ్రోమ్’లో గ్రీకు ‘ద్రోమోస్’ ఉంది. అంటే పరుగుబాట. 4,260 మీటర్ల రన్‌వేకు అతికినట్టుండే పేరు! లైసెన్సు కాగితాల్లో ఇప్పటికీ అదే. జనం నోట మాత్రం ‘పోర్టు’ నిలిచింది. లాటిన్‌లో ‘పోర్టుస్’ రేవు, ‘పోర్టా’ ద్వారం; రెండింటి వేరూ దాటడమే. కాలినడకన ఏరు దాటే చోటును ఇంగ్లీషులో ‘ఫోర్డ్’ అనేదీ ఆ వేరు నుంచే. మన ‘అపారం’, ‘పారంగతుడు’ మాటల్లోని ‘పారం’, అంటే అవతలి ఒడ్డు, ఆ కుదురుదేనని భాషావేత్తల మాట. అలా చూస్తే ‘విమానాశ్రయం’లోని ఆశ్రయం ఓడ తలదాచుకునే చోటునే పట్టుకుంది, దాటడాన్ని వదిలేసింది.

వేరు చూసి అర్థం చెబితే పోర్ట్ వైన్‌ను రేవులో తయారుచేయాలా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే, ఆ వైన్‌కు పేరు పోర్చుగల్‌లోని పోర్టో నగరం మీదుగా వచ్చింది. వేరొక్కటే సాక్ష్యం కాదు గనుక, ఆ చోటు చేసే పని చూడాలి. 1962 కస్టమ్స్ చట్టం ఓడరేవులను, విమానాశ్రయాలను, సరిహద్దు సుంకం స్టేషన్లను ఒకే సెక్షన్‌లో కూర్చోబెట్టింది. దుబాయ్ నుంచి వచ్చినవాడు పెట్టెలు తోసుకుంటూ గ్రీన్ చానల్లోకి అడుగు పెడితే చాలు, సుంకం కట్టాల్సిన సరుకేదీ తన దగ్గర లేదని నోరు తెరవకుండానే చెప్పినట్టు. అక్కడ కెరటం లేదుగానీ గట్టు ఉంది.

గోల్కొండ సుల్తానులకు ఆ గట్టు మచిలీపట్నం. కలంకారీ అద్దకాలు అక్కడ ఓడెక్కేవి. 1611లో ఇంగ్లీషు కంపెనీ అక్కడే కొట్టు తెరిచింది. పారశీకంలో ‘బందర్’ అంటే రేవు. పని పేరే ఊరి పేరై బందరు అయింది. (బందరు లడ్డు కొనేవారెవరూ రేవు లడ్డు కొంటున్నామనుకోరు.) శంషాబాద్‌లో ఇది తిరగబడింది. నిజాం కొలువులోని ‘పైగా’ వంశపు ప్రభువుల ‘షంసుల్ ఉమ్రా’ బిరుదు మీద వెలసిన ఊరి పేరు ఇప్పుడు పనికే పేరైంది. అమెరికా నుంచి వచ్చినాయన ‘పొద్దున్నే శంషాబాద్‌లో దిగాను’ అంటే, ఆ ఊళ్లో ఎవరింట్లో అని ఎవరూ అడగరు.