గుర్రం బెదురూ, దాణా సంగతీ



మొన్న సిద్దిపేట అంగడిలో ఒక గుర్రం మనిషి కలిసినాడు. పెండ్లి బారాతులకు గుర్రాన్ని బాడుగకిచ్చి బతికేవాడు. డప్పు మోగితే చెవులు నిక్కించి, టపాకాయ పేలితే వెనుక కాళ్ళు విసిరే గుర్రం ఆయనది. "పట్నంల డబ్బా అమ్ముతున్నరట సారూ, మెగ్నీషియం పొడి. దినాం దాణాల కలిపి పెడ్తె గుర్రం గోవు లెక్క నెమ్మదైతదట. నిజమేనా?" అని అడిగినాడు. డబ్బా ధర ఎంతో చెప్పినాడు. రెండు బారాతుల సంపాదన దానికే సరి.

ఒక్క మాటలో జవాబు చెప్పి పంపవచ్చును. కాని గుర్రానికి ఏమి పెట్టవలెను అన్న ప్రశ్న మన దక్షిణాదిలో చాలా పాతది. దానికి తప్పు జవాబు చెప్పుకొని రాజులే బొక్కసాలు గుల్ల చేసుకున్నారు. అందుచేత ఆ కథ కొంచెం వెనుకనుంచి చెప్పుకుంటేనే ఈ డబ్బా సంగతి మనకు బోధపడుతుంది.

మన నేలకు ఎద్దు సొంతబిడ్డ, గుర్రం అద్దెకు వచ్చిన చుట్టం. మంచి యుద్ధాశ్వాలు అరబ్బు దేశాలనుంచి, హోర్ముజు రేవునుంచి ఓడలమీద రావలసిందే. 1290 ప్రాంతాన మన తీరానికి వచ్చిన మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని గురించి, దాన్ని ఏలిన రాణిని గురించి మెచ్చుకొని వ్రాసినాడు. అంతకు ముందే దక్షిణాన పాండ్యుల తీరం చూసినాడు. అక్కడ అతనికి వింతగా తోచినది గుర్రాల చావు. ఒక్కొక్క రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి నూరు కూడా మిగలవనీ అన్నాడు. గుర్రాలకు వండిన అన్నమూ, మాంసమూ పెట్టేవారట. మంచి ఆడగుర్రాన్ని మంచి మగగుర్రంతో దాటించినా వంకరకాళ్ళ పిల్లే పుడుతుందని కూడా వ్రాసినాడు. గుర్రాల వైద్యం తెలిసినవాళ్ళను వర్తకులు ఇటు రానిచ్చేవారు కారట. గుర్రం చస్తేనే గదా మళ్ళీ బేరం!

ఆ చావులన్నీ అన్నం వల్లనే అని నేననను. జోరీగలు మోసుకొచ్చే సుర్రా జబ్బు ఉన్నది. ఆ జబ్బు చేసే పురుగును గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు 1880లో కనిపెట్టేదాకా గుర్రం ఎందుకు చిక్కి చచ్చిపోతున్నదో ఎవరికీ తెలియదు. వేడి ఉన్నది, ఓడ ప్రయాణపు బడలిక ఉన్నది. కాని గడ్డి మేయడానికి పుట్టిన కడుపులో ముద్దన్నం వేస్తే ఏమౌతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. వంకరకాళ్ళ పిల్ల అన్నమాట చదివినప్పుడు మాత్రం ఎముకకు కావలసిన ఖనిజాలు దాణాలో కొరవడినవేమో అన్న అనుమానం నాకు కలుగుతుంది.

విజయనగరం నాటికి బేరం ఇంకా పెరిగింది. పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాతల ప్రకారం రాయలు ఏటా పదమూడు వేల గుర్రాలు కొనేవాడు. అంతకు ముందు ఏలిన సాళువ నరసింహుడు వెయ్యి పర్దావులకు మూడు చొప్పున బతికినవీ, చచ్చినవీ కూడా కొన్నాడట. సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపితే చాలు, రొక్కం చేతిలో పడేది. తోకకు ధర కట్టిన రాజు పిచ్చివాడు కాడు. గుర్రాలు శత్రువు చేతికి పోకుండా ఉండాలంటే అంతకు తెగించవలసిన కాలం అది.

ఇక మన మెతుకుసీమకు దగ్గరగా వద్దాము. 1469 తరువాత బీదరులో కొంతకాలమున్న అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు తానే ఒక మగగుర్రాన్ని సముద్రం దాటించి అమ్మకానికి తెచ్చుకున్నాడు. దారిలో జున్నరు ఖాను దాన్ని లాక్కున్నాడు. నానా కష్టం మీద తిరిగి సంపాదించి, మేపీ మేపీ చివరకు బీదరులో అమ్ముకున్నాడు. బీదరు దగ్గర ఒక జాతరలో ఇరవై వేల గుర్రాల దాకా అమ్మకానికి వస్తాయన్నాడు. ఇక్కడివాళ్ళు గుర్రానికి శనగల వంటి గింజలు పెడతారనీ, చక్కెరా నూనే వేసి కిచిడీ వండి పెడతారనీ వ్రాసుకున్నాడు. గుర్రాన్ని స్వయంగా మేపినవాడి మాట గనుక నేను దానికి విలువ ఇస్తాను. పాండ్యుల నాటి అన్నం ముద్దనుంచి దక్కనులో పప్పుగింజల దాకా వచ్చినాము, చూడండి.

శాస్త్రం మాత్రం ఏనాడో ఉన్నది. శాలిహోత్రుడి పేరు మీద అశ్వశాస్త్రం నడిచింది. ఆ పేరే ఉర్దూలో నలిగి గుర్రాల వైద్యుడికి 'సలోత్రి' అయింది. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసము వ్రాసినాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మేలుజాతి గుర్రానికి గింజలు, నూనె, గడ్డితో పాటు ఐదు పలాల ఉప్పు అని కొలత కట్టి మరీ చెప్పినాడు. ఉప్పు సంగతి ఆనాడే పట్టించుకున్నారంటే చెమటోడ్చే జీవానికి ఏది కావాలో కనిపెట్టి చూసినారన్న మాట.

అసలు మన చెలకలు గుర్రానికిచ్చినది ఉలవ. వానలు వెనుకబడి ఏ పంటా రాని ఎర్రనేలలో కూడా నాలుగు గింజలు రాల్చే పంట ఇది. ఉత్తరాదిలో గుర్రానికి శనగలు పెడితే, మదరాసు వైపు పటాలాల్లో ఉడికించిన ఉలవలు పెట్టినారు. అందుకే ఇంగ్లీషువాళ్ళు దీనికి 'హార్స్ గ్రామ్' అని పేరు పెట్టినారు. రాత్రి నానబోసి, తొక్క పగిలేదాకా ఉడికించి, ఆరబెట్టి గుగ్గిళ్ళు పెట్టేది ఆచారం. ఈ ఉడికించడం ఊరికే కాదు. పచ్చి గింజలో మాంసకృత్తులను అరగనీయని గుణమొకటి ఉన్నది, అది వేడికి చస్తుంది. ఉడికిన నీళ్ళు ఎక్కడికి పోతాయో మీకు తెలిసినదే. గుగ్గిళ్ళు కొట్టంలోకి, కట్టు వంటింట్లోకి. ఈనాడు హోటళ్ళలో మీగడ వేసి అమ్మే ఉలవచారు పుట్టుక అది. గొడ్డుకు వండిన కుండలోనుంచి మనం వాటా తీసుకున్నాము, పేరు మాత్రం మనకే వచ్చింది.

ఇప్పుడు మెగ్నీషియం దగ్గరకు వద్దాము. ఇంగ్లండులో ఎప్సం అనే ఊళ్ళో 1618లో, దప్పికతో ఉన్న పశువులు సైతం మూతి పెట్టని ఒక చేదునీటి గుంట కంటబడిందని చెప్పుకుంటారు. ఆ నీటినుంచి తీసినదే మనం భేదిఉప్పు అనే ఎప్సం ఉప్పు. అందులోని లోహమే మెగ్నీషియం. దాన్ని 1808లో హంఫ్రీ డేవీ విడదీసినాడు. గుర్రాల వైద్యులు ఆ ఉప్పును చాలాకాలం కడుపు కడగడానికే వాడినారు. నరాలతో దానికున్న చుట్టరికం తెలిసింది ఇరవయ్యో శతాబ్దంలో. 1930లో హాలండులో ష్యోలెమా, సీకిల్స్ అనే ఇద్దరు, లేతగడ్డి మేసిన పాడి ఆవులు ఉన్నట్టుండి వణికి, కొట్టుకొని పడిపోవడానికి నెత్తుట్లో మెగ్నీషియం పడిపోవడమే కారణమని చూపినారు. 1932లో అమెరికాలో మెకాలమూ, తోటివారూ మెగ్నీషియం లేని మేత ఎలుకలకు పెట్టి చూసినారు. చిన్న చప్పుడుకే అవి గంతులేసి మూర్ఛపోయినవి. 1970లలో గుర్రపు పిల్లలమీద చేసిన పరీక్షలలోనూ అంతే. మెగ్నీషియం కొరవడితే బెదురు, కండరాల వణుకు, తడబడే నడక. కండ బిగియడానికి కాల్షియం, సడలడానికి మెగ్నీషియం అని స్థూలంగా చెప్పుకోవచ్చును.

డబ్బా అమ్మేవాడు ఇక్కడనే దుకాణం తెరిచినాడు. లేకుంటే బెదురు వస్తుంది గనుక, పెడితే బెదురు పోతుందని! ఉప్పు లేని కూర చప్పగా ఉంటుందని, ఉప్పు సరిపోయిన కూరలో ఇంకో గుప్పెడు వేస్తే రుచి పెరుగుతుందా?

మన లెక్క మనం వేసుకుందాము. గుర్రానికి ఊరక నిలబడిన రోజున, ఒంటి బరువు కిలోకు 15 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలని శాస్త్రజ్ఞుల అంచనా. మన వైపు గుర్రం 300 కిలోలు అనుకుంటే 4.5 గ్రాములు. బరువైన పని చేసి చెమటోడిస్తే దానికి రెట్టింపు. ఇక రాబడి చూడండి. ఎండుగడ్డి కిలోలో ఒకటిన్నర గ్రాములే ఉన్నదనుకున్నా, ఐదు కిలోలు మేస్తే ఏడున్నర గ్రాములు. ఉలవల్లో వంద గ్రాములకు సుమారు 150 మిల్లీగ్రాములు. కిలో ఉలవలకు ఒకటిన్నర గ్రాములు. మొత్తం తొమ్మిది. కడుపునిండా గడ్డీ, కిలో ఉలవలూ తిన్న గుర్రానికి బారాతు పనికి డబ్బా అక్కరలేదు. మిగులు మూత్రంలో పోతుంది.

తవుడులో ఇంకా ఎక్కువ ఉన్నదిగదా అని కొందరు అంటారు. ఉన్నది, నిజమే. కాని తవుడులో భాస్వరం మరీ జాస్తి, సున్నం బహు తక్కువ. తవుడే ప్రధానంగా తిన్న గుర్రానికి ఎముకలు గుల్లబారి మొగం ఉబ్బుతుంది. ఇంగ్లండులో పిండిమిల్లుల యజమానుల గుర్రాలకే ఈ జబ్బు పట్టేది, పొట్టు ఊరికే దొరికేది గనుక. పిడికెడు తవుడు చాలు.

అయితే పొడిలో ఏమీ లేదని కొట్టివేయడం కూడా న్యాయం కాదు. ఆస్ట్రేలియాలో ఆరు గుర్రాలకు మెగ్నీషియం ఆస్పార్టేట్ పెట్టి, బెదిరినప్పుడు ఎంత వేగంగా దూకుతాయో కొలిచినారు. వేగం మూడోవంతుకు పైగా తగ్గిందని 2015లో ప్రకటించినారు. ఆరంటే ఆరే గుర్రాలు. మన ఎండలో, మన డప్పుల మధ్య అవి నిలబడలేదు. దీర్ఘప్రయాణం చేసిన గుర్రం, పాలిచ్చే ఆడగుర్రం, ఉత్త వరిగడ్డి మీద చిక్కిపోయిన గుర్రం, వీటికి కొరత ఉండవచ్చును. వైద్యుడు ఇమ్మంటే ఇవ్వండి. ఒంట్లోని మెగ్నీషియంలో నెత్తుట్లో ఉండేది నూటికి ఒక పాలు మాత్రమే, సగానికి పైగా ఎముకలోనే ఉంటుంది. కనుక నెత్తురు పరీక్ష ఒక్కటే చూసి తీర్మానం చేయడం కష్టం. వైద్యుడు మేత కూడా అడిగి చూడవలసి ఉంటుంది.

ఇవ్వవలసి వచ్చినా డబ్బా మీద ఏ రూపమో చదివించుకోండి. మెగ్నీషియం ఆక్సైడులో నూటికి యాభైకి పైగా మెగ్నీషియమే. భేదిఉప్పులో నూటికి పది పాళ్ళే. చవకగదా అని భేదిఉప్పు రోజూ గుప్పిళ్ళతో పెడితే గుర్రం పారుకుంటుంది. మరీ మించితే కాళ్ళు తేలిపోయి కూలబడుతుంది. అది నెమ్మది కాదు, విషం.

బెదురుకు కారణాలు వేరే చాలా ఉన్నవి. జీను కింద పుండు, నోట్లో అరిగి మొనదేలిన పన్ను, చూపు తగ్గిన కన్ను, తోడు లేని కొట్టం. సిద్దిపేట మనిషిని దాణా సంగతి అడిగినాను. రోజుకు మూడు కిలోల మక్కలట! గడ్డి 'ఉన్నంత' అట. ఆషాఢం వచ్చి పెండ్లిండ్లు ఆగినా మక్కలు ఆగలేదు, గుర్రం కట్టుకొయ్య దగ్గర కదలలేదు. పనిలేని ఒంట్లో ఆ పిండి అంతా ఏమి కావాలె? అది డప్పు వినకముందే ఎగురుతున్నది.

దేశంలో గుర్రాలు, తట్టువలు 2012 పశుగణనలో సుమారు ఆరు లక్షలుండగా 2019 నాటికి మూడు లక్షల నలభై వేలకు దిగినవి. సిద్దిపేటకు 2023లో రైలు వచ్చింది. గుర్రం లేక ఆగే పని ఇక్కడ ఏదీ లేదు. ఉన్న ఒక్క గుర్రం మాత్రం ఆ ఇంటికి అన్నం పెడుతున్నది. దాని మీద పిల్లవాడిని కూచోబెట్టి జనం మధ్య నడిపిస్తాడాయన. ఒక్క తన్నుతో పోయేది బాడుగ ఒక్కటే కాదు.

మక్కలు నెమ్మదిగా తగ్గించి కిలో ఉలవ గుగ్గిళ్ళకు రమ్మన్నాను, ఒక్క దినంలో మార్చవద్దన్నాను. గడ్డి ముందు, గింజ తరువాత. ఉప్పుగడ్డ కొట్టంలో వేలాడదీయమన్నాను. పొద్దున రెండు మైళ్ళు నడిపించి, డప్పు చప్పుడు దూరంనుంచి రోజూ కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చి అలవాటు చేయమన్నాను. పశువుల దవాఖానాలో పండ్లు చూపించమన్నాను.

అంతా విని, "ఉలువలు ఉడికిచ్చిన నీళ్ళు మాత్రం మా ఇంటిది ఇయ్యది సారూ, పోరగాండ్లకు చారు కావాలె" అన్నాడు. ఆ నీళ్ళలోకి కొంత మెగ్నీషియం దిగిపోతుంది గనుక, పోపు పెట్టక ముందే సగం గుర్రానికి తీసిపెట్టమని చెప్పినాను.