పదో నంబరు ఎవరి కోసం?

1864 నవంబరు 1న సముద్రం బందరు మీదికి వచ్చిపడింది. ఇంచుమించు 30 వేల మంది పోయారు. అంతకు నెల ముందే కలకత్తానూ తుపాను ముంచేసింది. మరుసటి ఏడు, 1865లో, కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలుపెట్టారు. తీరం వెంట గుడిసెల్లో ఉండేవాళ్ల కోసం కాదు, ఓడల కోసం.

రేవు హెచ్చరికల భాష ఇప్పటికీ ఓడలదే. పగలైతే స్తంభానికి శంకువులు, గొట్టాల ఆకారాలు వేలాడదీస్తారు. రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలు. నంబర్లు ఒకటి నుంచి పదకొండు దాకా. పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని! ఓడ నడిపేవాడికి ఇది చాలు. పూరింట్లో ఉన్నవాడు ‘పదో నంబరు’ అని వింటే గుండె దడదడలాడుతుందే గాని, నీళ్లు తన గుమ్మం దాకా వస్తాయా, పిల్లల్ని తీసుకుని ఎటు పోవాలి, ఎప్పటిలోగా పోవాలి అన్నవి ఆ అంకెలో ఉండవు.

1977 నవంబరు 19న దివిసీమకు దాని ఫలితం తెలిసొచ్చింది. వారం కిందటే మరో తుపాను నాగపట్నం వైపు తీరం దాటింది. ఈసారి కూడా హెచ్చరికలు రాకపోలేదు. కానీ గాలివానలు చూసి చూసి ఉన్న తీరానికి, అయిదు మీటర్ల ఎత్తున కెరటం ఊళ్ల మీదికి వస్తుందని ఊహకందేలా చెప్పిందెవరు? పాలకాయతిప్ప, సొర్లగొంది తుడిచిపెట్టుకుపోయాయి. అధికార లెక్కే పది వేలు.

1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. మృతులు 967 మంది. అంతకు ముందే లక్షన్నర మందికి పైగా ఇళ్లు విడిచారు. ఇన్సాట్ ఉపగ్రహంతో నడిచే హెచ్చరిక యంత్రాలు అప్పటికే తీరంలో ఉన్నాయి: ముందు సైరన్ మోగేది, తర్వాత తెలుగులో మాట వినిపించేది. యంత్రం గొప్పదే. అయినా 1977ను కళ్లారా చూసినవాళ్లు ఊరూరా ఉండటమే జనాన్ని ఎక్కువగా కదిలించి ఉంటుంది. ‘ఉప్పెన’ అన్న మాటకు అప్పటికి వాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

ఇప్పటి వాతావరణ శాఖ బులెటిన్లు గాలి వేగంతో ఆగవు. పూరిళ్లు కూలతాయని, మట్టిరోడ్లు తెగుతాయని, చేలు దెబ్బతింటాయని, వేటకు వెళ్లొద్దని విడివిడిగా చెబుతాయి. పసుపు, నారింజ, ఎరుపు రంగులు దానికి తోడు. ఇన్ని చెప్పినా పడవ, వలలు, గొడ్ల దగ్గర మాట నిలబడిపోతుంది. ఊరు ఖాళీ చేయమన్నప్పుడు వాటిని ఎవరు చూస్తారన్నదే మత్స్యకారుడు వేసే మొదటి ప్రశ్న.