కర్ణాటక సంగీత ధ్వనిముద్రణలు: రసికుల సేకరణ, పంపకం

తమకు నచ్చిన కచేరీల రికార్డులను దాచుకోవడం, నలుగురినీ పిలిచి వినిపించడం, ప్రతులు తీసి ఒకరికొకరు ఇచ్చుకోవడం కర్ణాటక సంగీత రసికులకు ఎంతోకాలంగా ఉన్న అలవాటు. చూడటానికి కాలక్షేపమే. కానీ పాత విద్వాంసుల గొప్పతనం గురించి ఇవాళ మనం చెప్పుకునే మాటల్లో సగానికి ఆధారం ఈ అలవాటే. కంపెనీలు అమ్మిన రికార్డుల్లో వినిపించే సంగీతం ఒకటి, రసికులు చేతులు మార్చుకున్న టేపుల్లో వినిపించేది మరొకటి. రెండూ వింటే తప్ప ఆ కాలం అర్థం కాదు.

భారతదేశంలో గ్రామఫోను కంపెనీ రికార్డింగులు 1902 నవంబరులో కలకత్తాలో మొదలయ్యాయి. కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అక్కడ గాయని గౌహర్ జాన్ పాటలు ముద్రించాడు. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పుకోవడం చాలామంది వినే ఉంటారు. అందులో ఆడంబరం ఏమీ లేదు. ప్లేట్లు తయారయ్యేది జర్మనీలోని హానోవర్‌లో, ఎవరి పాట ఏదో అక్కడి పనివాళ్లకు తెలియాలి కదా! 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. దక్షిణాదిన మొదట వినిపించిన కంఠాల్లో సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగళూరు నాగరత్నమ్మ ఉన్నారు. పేరున్న పురుష విద్వాంసులు చాలామంది తొలిరోజుల్లో ఆ యంత్రం ముందు కూర్చోవడానికి వెనకాడారు. కాబట్టి ఈ చరిత్రలో మొదటి పుటలు దేవదాసీ సంప్రదాయం నుంచి వచ్చిన గాయనులవి. ఈ సంగతి సంగీత చరిత్రకారులు చాలాకాలం పట్టించుకోలేదు.

పది అంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. గంట పాడగల రాగాన్ని అందులో ఇమడ్చాలి. రాగం రెండు విసుర్లలో ముగించి, నెరవు వదిలేసి, నాలుగు స్వరాలతో సరిపెట్టే పద్ధతి అలా పుట్టింది. అయినా రాజరత్నం పిళ్లై నాదస్వరంలో తోడి, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ ‘నగుమోము’ ఆ ప్లేట్ల మీదుగానే ఊరూరికీ చేరాయి. చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై ‘మధురానగరిలో’ జావళి అయితే ఆయన పేరుకు పర్యాయపదమే అయింది. తెలుగు ఇళ్లలో ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్, నాటక పద్యాలు ఒకే పెట్టెలో ఉండేవి. లక్కతో చేసిన ప్లేటు కిందపడితే ముక్కలే. దానికి ప్రతి తీసే మార్గం ఇంట్లో లేదు. అందువల్ల ఆ రోజుల్లో పంచుకోవడమంటే యంత్రమున్న ఇంటికి వెళ్లి వినడం, లేదా ప్లేటు అరువిచ్చి అది తిరిగొచ్చేదాకా ప్రాణం బిగపట్టుకోవడం.

పరిస్థితిని మార్చింది రేడియో, దాని వెనకే వచ్చిన స్పూల్ టేపు. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. జాతీయ సంగీత కార్యక్రమం 1952లో వచ్చింది. ఏడంగుళాల స్పూలు మీద 1200 అడుగుల టేపు ఉంటుంది. సెకనుకు మూడుముప్పావు అంగుళాల వేగంతో నడిపితే ఒక వైపు గంట దాటి రికార్డవుతుంది. అంటే రాగం తానం పల్లవి మొత్తం, మృదంగపు తని ఆవర్తనంతో సహా. రికార్డరు ఖరీదైనది, బరువైనది, ఊరికి ఒకరిద్దరి దగ్గరే ఉండేది. సభ కార్యదర్శిని బతిమాలి వేదిక పక్కన మైకు పెట్టుకునేవారు. మైకు మృదంగం దగ్గరపడితే పాట వెనక్కి పోయేది. టేపుల కొరతతో రేడియో కేంద్రాలు పాతవి చెరిపి మళ్లీ వాడుకున్న సందర్భాలున్నాయి. అలాంటప్పుడు ఏ శ్రోతో ఇంట్లో పట్టుకున్న ప్రతే మిగిలింది. ఉదాహరణకు, గాయకుడు వోలేటి వెంకటేశ్వర్లు విడుదల చేసిన రికార్డులు బహు కొద్ది. ఆయన విజయవాడ కేంద్రంలో పాడినవి ఇలా టేపుల మీద తిరగకపోతే తర్వాతి తరానికి ఆయన ఒక పేరుగానే మిగిలేవాడు.

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టు మన దేశంలో 1970ల చివరినుంచి ఇంటింటికీ పాకింది. రెండు టేప్‌రికార్డర్లు, మధ్యన ఒక తీగ ఉంటే చాలు. సి-90 క్యాసెట్టు నలభై అయిదు నిమిషాలకు తిరగేయాలి గనుక ఎన్నో పల్లవులు సరిగ్గా మంచి పట్టులో తెగిపోయాయి. కాపీకి కాపీ తీసినకొద్దీ బుసబుస పెరుగుతుంది. అందుకే ‘ఇది ఎన్నో కాపీ?’ అనేది సేకర్తలు మొదట అడిగే ప్రశ్న. మర్యాదలూ ఉండేవి: ఒకటి తీసుకుంటే ఒకటి ఇవ్వాలి, డబ్బు పుచ్చుకోకూడదు. ‘ఇంకెవరికీ ఇవ్వకండి’ అన్న షరతు మీద ఇచ్చిన కచేరీ మాత్రం అందరికంటే ముందు ఊరు దాటేది. విలంబంలో పాడే ఎం.డి.రామనాథన్‌కు 1984లో ఆయన పోయాక అభిమానులు పెరిగారంటే అందులో ఈ క్యాసెట్ల పాత్ర పెద్దది. అమెరికా వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాల పెట్టెల్లోనూ అవి ప్రయాణించాయి. 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవం లాంటి చోట్ల పాడిన పిల్లలు ఎందరో వాటిని వింటూ పెరిగినవాళ్లే.

ఈ పంపకంలో పోయినవీ ఉన్నాయి. తేదీ, ఊరు, పక్కవాద్యం ఎవరు అన్న వివరాలు కాపీలతో పాటు రాలేదు, వచ్చినా తప్పులతో వచ్చాయి. వేగం మరో చిక్కు. టేపు నూటికి ఆరు వంతులు వేగంగా తిరిగితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. 78 ప్లేట్లన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్ల వేగంతో ముద్రించినవీ కావు. ఫలానా విద్వాంసుడు ఏ శ్రుతిలో పాడేవాడన్న వాదనల్లో చాలావాటికి మూలం మోటారులో ఉంది, గొంతులో కాదు.

అభిరుచిని శాస్త్రంగా మలిచినవారూ వచ్చారు. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కిన్నియర్ 1899–1908 మధ్య గ్రామఫోను కంపెనీ చేసిన భారతీయ రికార్డింగుల పట్టికను 1994లో పుస్తకంగా తెచ్చాడు. బొబ్బిలి రాజకుటుంబానికి చెందిన వి.ఎ.కె.రంగారావు మద్రాసులో పేర్చిన ప్లేట్ల భాండారం, వాటి మీద ఆయన రాసిన వ్యాసాలు తెలుగులో ఈ విషయానికి ముఖ్యమైన ఆధారం. మద్రాసులో సంప్రదాయ సంస్థ 1980 నుంచి ధ్వనిముద్రణలు పోగుచేసింది.

కంప్యూటర్లు వచ్చాక బుసబుస పెరగకుండా ప్రతులు తీయడం సాధ్యమైంది. ‘సంగీతప్రియ’ వంటి స్వచ్ఛంద బృందాలు, అమ్మకంలో ఉన్న రికార్డుల జోలికి పోకుండా, కచేరీ ముద్రణలను ఉచితంగా అందిస్తున్నాయి. ఆ హద్దు గీసుకోవడం ఎందుకంటే, 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం విడుదలైన ధ్వనిముద్రణ మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. పాత 78 ప్లేట్లు ఆ గడువు దాటేశాయి. కచేరీలో పట్టిన టేపు సంగతి అంత తేలిక కాదు. 1994 సవరణ ప్రదర్శన మీద కళాకారులకు హక్కు ఇచ్చింది, అప్పటికే వేల టేపులు ఎవరినీ అడగకుండా చేతులు మారి ఉన్నాయి. కొన్ని విద్వాంసుల కుటుంబాలు వాటిని సంతోషంగా తెచ్చి ఇచ్చాయి, కొన్ని తీసేయమన్నాయి. ఈలోగా అటకల మీది పాత ఎసిటేట్ స్పూళ్లు వెనిగర్ వాసన పట్టి ముడుచుకుపోతున్నాయి, వాటిని తిప్పే యంత్రాలు బాగుచేసేవాళ్లూ తగ్గిపోతున్నారు.