వెబ్ పుటలో శీర్షిక, ఉద్ఘాటన: ఒక చరిత్ర

అచ్చుకు పోయే రాతప్రతి అంచుల్లో, ఏ పంక్తిని ఏ పరిమాణంలో, ఏ రకపు అక్షరాలతో కూర్చాలో కంపోజిటరుకు తెలియజేస్తూ వేసే గుర్తులనే మార్కప్ అనేవారు. అక్షరాల కూర్పు కంప్యూటర్లకు మారినప్పుడు ఆ గుర్తులు యంత్ర సంకేతాలుగా ఫైళ్ళలోకి చేరాయి. అయితే ఒక యంత్రం సంకేతాలు మరో యంత్రానికి తెలియకపోవడంతో అదే పాఠ్యానికి మళ్ళీ గుర్తులు పెట్టవలసి వచ్చేది. విషయాన్ని దాని రూపం నుంచి విడదీయాలని 1967లో విలియం టనిక్లిఫ్ ప్రతిపాదించగా, 1969లో ఐబీఎం సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అనే ముగ్గురు జీఎంఎల్ అనే గుర్తుల భాషను రూపొందించి, అక్షరాలను పెద్దవి చేయమని ఆదేశించే బదులు ఇది శీర్షిక అని చెప్పే పద్ధతిని నెలకొల్పారు. ఆ మూడక్షరాలు వారి ఇంటిపేర్ల తొలి అక్షరాలు కూడా కావడం యాదృచ్ఛికం కాదు. దాని నుంచి పుట్టిన ఎస్‌జీఎంఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయంలో అప్పటికే వాడుకలో ఉన్న ఎస్‌జీఎంఎల్ ట్యాగులను, అంటే గుర్తులను, వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ వెబ్ పుటల కోసం రూపొందించిన తన హెచ్‌టీఎంఎల్ భాషలోకి తీసుకున్నాడు. హెచ్1 నుంచి హెచ్6 వరకు గల శీర్షికల అంతస్తులు ఆ విధంగా వచ్చినవే. 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0లో ఉద్ఘాటనను తెలిపే ‘ఈఎం’, ‘స్ట్రాంగ్’ ట్యాగుల పక్కనే వాలు, ముద్ద అక్షరాలను మాత్రమే కోరే ‘ఐ’, ‘బీ’ కూడా చోటు చేసుకున్నాయి. బ్రౌజర్లు ఈ రెండు జతలనూ తెరపై ఒకేలా చూపడం వల్ల రచయితలకు తేడా కనబడలేదు, కనబడని తేడాను పాటించే ఓపికా చాలామందికి లేకపోయింది. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 3.2 అక్షరాల పరిమాణాన్ని మార్చే ‘ఫాంట్’ ట్యాగును కూడా ఆమోదించడంతో, పెద్ద ముద్ద అక్షరాలతో నకిలీ శీర్షికలు పెట్టడం మామూలైంది. రూపానికి వేరే ఏర్పాటు చేసే సీఎస్ఎస్ తొలి ప్రమాణం 1996 డిసెంబరుకే వచ్చినా, ‘ఫాంట్’ వాడకాన్ని విడనాడమని హెచ్‌టీఎంఎల్ 4.0 సూచించడానికి మరో ఏడాది పట్టింది.

నకిలీ శీర్షిక వల్ల నష్టపోయేది చూపు లేని పాఠకుడు. పుటలోని మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌లో అతడు హెచ్ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు సాగుతాడు. ముద్దగా కనిపించినంత మాత్రాన ఒక పంక్తి అక్కడ శీర్షికగా లెక్కకు రాదు. ‘ఈఎం’, ‘స్ట్రాంగ్’ ట్యాగులను మాత్రం అనేక స్క్రీన్ రీడర్లు వేరుగా పలకవు గనుక, ఈ చర్చలో శీర్షికలకే ఎక్కువ బరువు ఇవ్వడం సమంజసం. 2014లో ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్5 ‘ఈఎం’ను వాక్యార్థాన్ని మార్చే ఉద్ఘాటనకు, ‘స్ట్రాంగ్’ను ప్రాముఖ్యానికి కేటాయించి, ‘ఐ’ని పరభాషా పదాలు, పారిభాషిక పదాల వంటి వాటికి అప్పగించింది.

తెలుగు పుటల్లో ఈ విభజన మరింత అక్కరకు వస్తుంది. వాలు అక్షరం 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చువేసిన వర్జిల్ కావ్యాలతో మొదలై, తరువాతి కాలంలో రోమన్ లిపికి ఉద్ఘాటన చిహ్నంగా స్థిరపడింది. తెలుగు లిపికి అటువంటి సంప్రదాయం లేదు. వాలు రూపం లేని తెలుగు ఫాంటును బ్రౌజర్ యాంత్రికంగా పక్కకు వంచితే ఒత్తులు, గుణింతాలు చదవడానికి ఇబ్బంది పెడతాయి. కాబట్టి తెలుగు పుటలో ఉద్ఘాటనకు ‘ఈఎం’నే ఉంచి, సీఎస్ఎస్‌లో వాలును తొలగించి, ముద్ద అక్షరమో రంగో ఏర్పాటు చేయడమే సరైన పద్ధతి.